ఓబులేసు మోకాల్లో పదకొండేళ్లు

నేను ఒక లోహపు మోకాలి కీలును. నన్ను అద్దంలా సానబట్టి, డబ్బాలో మూసి కడప పంపారు. అక్కడ చెక్కభజన గురువు ఓబులేసు కుడికాల్లో బిగించారు. ఇక ఎగరకూడదని డాక్టర్లు చెబితే ఆయన బుద్ధిగా తలూపాడు. ఆర్నెల్లకే చెక్కలు పట్టి ఎగిరాడు. తలూపడం వేరు, ఒప్పుకోవడం వేరని నాకప్పుడే తెలిసింది.

పదేళ్లు ఎగిరాం. నా రెండు లోహపు ముక్కల మధ్యనున్న ప్లాస్టిక్ పలక అరిగింది. ఆ పొడి వల్ల చుట్టూ ఎముక కరిగి నేను వదులయ్యాను. అడుగేస్తే కాలు పక్కకు వాలేది. పాపం, ఓబులేసు కుర్చీలో కూర్చుని శిష్యులకు నోటితోనే అడుగులు నేర్పాడు.

భార్య నాగులమ్మ పట్టుబట్టి డాక్టర్ షంషాద్ దగ్గరికి తీసుకెళ్లింది. ఎక్స్‌రేలో నా నీడ అడ్డొచ్చి ఎముక సరిగా కనబడలేదు. స్కాన్ తీస్తే పెద్ద గుంతే బయటపడింది.

"చీము పట్టలేదు, అది నయం. ఎంత ఎముక మిగిలిందో కీలు తీశాకే తేలుతుంది పెద్దాయనా. గుంత చుట్టూ గోడ నిలిచుంటే కొత్త కీలు పెడతాను. లేకుంటే కాలు వంగకుండా బిగించాల్సి రావచ్చు."

"కర్ర మాదిరి కాలు పెట్టుకోని భజన యాడ జేసేది మేడం?"

"ముందు నడువు. భజన సంగతి మళ్లా సూద్దాం," అంది నాగులమ్మ, కొంగుతో కళ్లొత్తుకుంటూ.

ఆపరేషన్ రోజు నడుము కిందకే మత్తిచ్చారు. తెర అవతల ఓబులేసు మెలకువగానే ఉన్నాడు. రెండు దెబ్బలకే ఊడొచ్చాను, సిగ్గేసింది. షంషాద్ గుంతను కడిగి, వేలు పెట్టి చుట్టూ తడిమింది. లోతు కొలిచింది.

"గోడ ఉండాదా మేడం?"

"ఉంది పెద్దాయనా, గట్టిగా ఉంది! గుంత పూడ్చేద్దాం."

ఓబులేసు బల్ల మీద వేళ్లతో తాళం అందుకున్నాడు. నర్సు నవ్వాపుకుంటూ ఆయన చెయ్యి పట్టుకుంది.

గుంతలో ఎముక ముక్కలు కూరి, పొడవాటి కాడ ఉన్న కొత్త కీలు దించారు. నన్ను శుభ్రం చేసి, విద్యార్థులకు చూపించడానికి షంషాద్ తన బల్ల మీద పెట్టుకుంది.

ఏడాదికి ఓబులేసు మళ్లీ షంషాద్ గదికి వచ్చాడు. ఎముక చక్కగా అతుక్కుంది.

"దుంకొచ్చునా మేడం?"

"వద్దు. మెల్లగా అడుగేయండి, చాలు."

ఆయన లేచాడు. నాగులమ్మ చప్పట్లతో తాళం వేసింది. గదిలో ఉన్న నలుగురు విద్యార్థులు ఆయన వెనక వరస కట్టి, నలుగురూ అడుగు తప్పారు.

"ఆ కాలు కాదప్పా, ఈ కాలు!"

చివరికి షంషాద్ కూడా చెప్పులు విడిచి వరసలో చేరింది. గది దద్దరిల్లింది. బల్ల మీద నేనూ గలగల్లాడాను.