దేవేంద్ర కిచెన్

“వదినా, నాకు మంచి మిక్సీ ఒకటి సూసి ఆర్డరెట్టెయ్. నీకు పనేటుంది, ఫోన్లోనే కదా.”

నౌపడ నుంచి మా ఆడపడుచు దుర్గాభవాని ఈ మాట అనే సమయానికి నేను ఇడ్లీ రేకులకి ఎండిపోయిన పిండిని గోటితో గీకుతున్నాను. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరుక్కుని ఉంది. పొయ్యి మీద పాలు ఏ క్షణాన పొంగుతాయో తెలియదు. ఆ భంగిమలో ఉన్న మనిషికి పనేమీ ఉండదని ఆమె నమ్మకం. తప్పు ఆమెది కాదు, ఫోనులోంచి ఇడ్లీ రేకులు కనపడవు కదా.

పెళ్ళై శ్రీకాకుళం వచ్చిన దగ్గర్నుంచీ ఈ కుటుంబంలో కొన్న ప్రతి కుక్కరూ, ప్రతి ఫ్యానూ, ప్రతి పరుపూ నేను చూసి చెప్పిందే. అందరూ ధర చదువుతారు. నేను ఒక్క నక్షత్రం ఇచ్చినవాళ్ళ ఏడుపులు చదువుతాను. మనుషులు నిజం మాట్లాడేది అక్కడే. నేను చదివింది బీఎస్సీ బోటనీ. ఇప్పుడు ఆకు చూపించి ఏ జాతో చెప్పమంటే తడుముకుంటానేమో గాని, కుక్కర్ మూత చూసి ఆ రబ్బరు ఎన్నాళ్ళుంటుందో చెప్పగలను. వస్తువు బాగుంటే కంపెనీ మంచిది. పాడైతే మాత్రం “వదినే కదా సెప్పింది” అంటారు. అప్పుడు దాన్ని వెనక్కి పంపే పని, కంపెనీవాళ్ళతో ఫోనులో వాదించే పని, డబ్బాకి మళ్ళీ టేపు అంటించే పని కూడా నాదే. దీన్ని ఎవరూ పని అనరు. నేనూ అనలేదు.

ఈ పనికి డబ్బులిస్తారని తెలిసిన రోజు బెండకాయలు తరుగుతున్నాను. ఫోనులో వంట వీడియో అయిపోయి, దానంతటదే ఇంకోటి మొదలైంది. కారుకి ఆనుకుని నిలబడ్డ ఒక కుర్రాడు ఇంట్లో కూర్చుని సంపాదించండి అంటున్నాడు. ఇంట్లో కూర్చోవడం ఎలాగో ముందు చెబుతాడేమోనని ఆశగా చూశాను. చెప్పలేదు. మిగతాది మాత్రం వివరంగానే చెప్పాడు. ఒక షాపింగ్ కంపెనీలో పేరు నమోదు చేసుకోవాలి. వాళ్ళ వస్తువుకి మనకంటూ ఒక లింకు ఇస్తారు. ఆ వస్తువు ఎలాంటిదో మనం నలుగురికీ చెప్పి లింకు పంపాలి. దాన్ని నొక్కి ఎవరైనా కొంటే కంపెనీ మనకి కొంత కమీషన్ ఇస్తుంది. అఫిలియేట్ మార్కెటింగ్ అంటారట. ఇన్నేళ్ళుగా నేను చేస్తున్నది వ్యాపారమని, దానికొక ఇంగ్లీషు పేరుందని, నేను తప్ప ప్రపంచమంతా దానికి డబ్బు పుచ్చుకుంటోందని అప్పుడే తెలిసింది. సంతోషం కలగలేదు. ఒళ్ళు మండింది.

ఆ సాయంత్రమే మా ఆయనకి చెప్పాను. మా ఆయన దేవేంద్రగారు ఒక ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. ఏ కాగితంలోనైనా ముందు లోపం చూసి, తర్వాత విషయం చూస్తారు. నా విషయంలో లోపం వెంటనే దొరికింది. నాకు పాన్ కార్డు లేదు.

“నా పేరు మీద ఎట్టెద్దాం. పాన్ నాది ఉన్నాది, బ్యాంకు నాది ఉన్నాది. ఎవరి పేరైతే ఏటి, ఇంటికే కదా వచ్చేది” అన్నారు. అని ఊరుకోకుండా పేజీకి పేరు కూడా ఆయనే పెట్టారు. నా మొహం చూపించొద్దన్నారు, ఆఫీసులో ఎవరైనా చూస్తే బాగోదట. అలా నా చేతులు, నా గొంతు, నా పొయ్యి కలిసి ‘దేవేంద్ర కిచెన్’ అయ్యాయి. దేవేంద్రగారు ఆ కిచెన్‌లో మంచినీళ్ళ బిందె దాకా వచ్చి, గ్లాసు ముంచుకుని, మళ్ళీ హాల్లోకి వెళ్ళిపోయేవారు.

నేను కోరుకున్నది పెద్దదేం కాదు. పేజీ మీద నా పేరుండాలి, వచ్చేది నా ఖాతాలో పడాలి. పాన్ కార్డుకి పెడదామండీ అని అడిగినప్పుడల్లా, సూద్దాంలే అనేవారు. ఆఫీసులో ఆయన బల్ల మీద ఎన్ని సూద్దాంలేలు పేరుకున్నాయో నాకు తెలుసు గనక, ఆశ పెట్టుకోకుండా పని మొదలుపెట్టాను.

పచ్చడి జాడీకి ఫోను ఆనించి తీసేదాన్ని. స్టాండు కొనమంటే, ముందు డబ్బులు రానీ అన్నారు. మొదట జనం చూసింది ఆవాల వీడియో. ఆవపెట్టి కూర వండుకునే ఇళ్ళవాళ్ళకే ఆ బాధ తెలుస్తుంది. ఎంత గొప్ప మిక్సీ అయినా రెండు చెంచాల ఆవాలు వేస్తే అవి జార్ గోడలెక్కి కూర్చుంటాయి గాని నలగవు. కంపెనీలు వాటి గురించి చెప్పవు, ఎందుకంటే మోటారు తయారుచేసేవాళ్ళు పనసపొట్టు కూర వండరు. మా మిక్సీ, పక్కింటి మిక్సీ, ఎదురింటి మిక్సీ తెచ్చి ఆవాలు వేసి చూపించాను. మా అత్తయ్య సుభద్రమ్మగారు గుమ్మంలో కూర్చుని మొత్తం చూసి, “మిక్సీలో నూరుకోడం అందరూ సేత్తారు గానీ, దాన్ని సినిమా తీసినదాన్ని నిన్నే సూసేను” అన్నారు.

చూసినవాళ్ళు చూశారు. కొనేటప్పుడు మాత్రం మా వీధి ఆడవాళ్ళు లింకు నొక్కలేదు. డబ్బులు చేతిలో పట్టుకుని నేరుగా మా గుమ్మంలోకి వచ్చి, నీ ఫోన్లో పెట్టెయ్ అమ్మా అన్నారు. ఇక్కడ అలవాటదే. ఎవరి ఫోనులోనో ఆర్డరు, ఎవరి చేతికో డబ్బు. నా లింకు మీద నా ఫోనులోనే కొంటే కమీషన్ రాదని, ఎవరి ఫోనులో వాళ్ళే కొనాలని చెప్పేసరికి వాళ్ళ మొహాల్లో ఒక ఇబ్బంది కనిపించింది. మా వీధి చివర ఉండే లీలారాణి ఆస్పత్రిలో నర్సు. ఆమె ఆ ఇబ్బందికి పేరు పెట్టింది.

“జీతం నాది, ఫోను నాది, కార్డు నాది. ఓటీపీ మాత్రం మా ఆయనకెల్తాది” అంది. “గరిటె కొనాలన్నా డ్యూటీలో ఉన్న మనిషికి ఫోన్ సేసి, ఏటి కొంటన్నానో సెప్పి, నంబరు అడగాలి. దానికన్నా నీకు డబ్బులిచ్చెయ్యడం నయం కాదేటి?”

మా వీధిలో ఆడవాళ్ళు ఏది కొన్నా, మోగేది మగవాళ్ళ జేబుల్లోనని నాకు అప్పుడే తెలిసింది. లీలారాణి నవ్వుతూనే చెప్పింది గాని, మర్నాడు బ్యాంకుకి వెళ్ళి ఖాతాకి తన నంబరు పెట్టించుకుంది. నా లింకు నొక్కి మొదట కొన్నది ఆమే. ఆ తర్వాత ఇంకొకరిద్దరు, ఆ తర్వాత నేనెప్పుడూ చూడని ఊళ్ళవాళ్ళు. అలా నెమ్మదిగా పేజీ నడక నేర్చింది. కమీషన్ వచ్చినట్టు మా ఆయన ఫోనుకి మెసేజ్ వచ్చేది. ఎంతొచ్చిందని అడిగితే, వచ్చిందిలే ఏదో అనేవారు. ఆ ఏదోతో ఆయన బండికి కొత్త టైరు వచ్చింది. స్టాండు రాలేదు.

కార్తీకంలో రామతీర్థం వెళ్ళాం. కొండ దిగుతుంటే అత్తయ్యకి జాగ్రత్తలు చెబుతున్న నా గొంతు విని, ఒకావిడ ఆగిపోయింది. “మీరు దేవేంద్ర కిచెన్ ఆవిడ కదండీ? ఆవాలు నూరి సూపించేరు” అంది. నేను నోరు తెరిచేలోపు మా ఆయన ముందుకొచ్చి, “దేవేంద్ర నేనేనండి” అన్నారు.

ఆవిడ కంగారుపడి ఆయనకి నమస్కారం పెట్టింది. ఏ గ్రైండరు మంచిదండీ అని కూడా ఆయన్నే అడిగింది. ఆయన నా వైపు చూశారు. నేను పక్కనుంచి పేరు అందించాను, ఆయన గట్టిగా చెప్పారు. కొండ దిగేదాకా ఆయన నడకలో ఒక హుందాతనం ఉంది. నాకు మాత్రం నా గొంతే ఎవరిదో అయినట్టు ఉండి, ఇంటికి వచ్చేదాకా మాట్లాడలేకపోయాను. మాట్లాడకపోవడం ఎవరూ గమనించలేదు. దాన్ని బుద్ధిగా ఉండటం అంటారు మా ఇంట్లో.

అక్కణ్ణుంచి ఆయనకి పేజీ మీద ప్రేమ పుట్టింది. సంక్రాంతి ఆఫర్లు రాగానే ఆఫీసువాళ్ళ దగ్గరా, నౌపడ చుట్టాల దగ్గరా డబ్బులు వసూలు చేశారు. అందరి వస్తువులూ ఆయన ఫోనులోనే, ఆయన లింకునే నొక్కి, మా ఇంటి చిరునామాకే పెట్టేశారు. అటు కమీషనూ, ఇటు గొప్పా. హాలంతా అట్టపెట్టెలు. అత్తయ్య ఒక కుక్కర్ పెట్టె మీద కూర్చుని సీరియల్ చూశారు. నేను రూల్స్ మొత్తం చదివి ఉన్నాను. ఎవరి లింకు మీద వాళ్ళే కొనకూడదండీ, ఇంట్లోవాళ్ళు కొన్నా చెల్లదండీ, పట్టుకుంటారండీ అని చెప్పాను.

“రూల్స్ నాకు సెప్తన్నావా? పొద్దున్న లేస్తే నేను సూసేది అవే కదే” అన్నారు.

పట్టుకున్నారు. పండగ వెళ్ళకుండానే కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. ఖాతా మూసేశాం, ఇంకా చెల్లించని కమీషన్ ఇవ్వం, ఈ పేరు మీద మళ్ళీ ఖాతా ఇవ్వం. ఆ చెల్లించని దాంట్లో ఆయన పెట్టెలే కాదు, నేనెరగని ఊళ్ళలో నేనెరగని ఆడవాళ్ళు నా మాట నమ్మి కొన్నవి కూడా ఉన్నాయి. ఎండు మిరపకాయల ఘాటుకి దగ్గుతూ తీసిన వీడియోలు, జ్వరంతో తీసినవి, చెయ్యి కాలినా ఆపకుండా తీసినవి, అన్నీ ఆయన పేరుతో పాటు పోయాయి. మా ఆయన ఆ కంపెనీని తిట్టారు, తర్వాత కాలాన్ని తిట్టారు, చివరికి అన్నంలో మజ్జిగ పోసుకుంటూ, “నీ గోలలోకి దిగి నా పేరు పాడైంది” అన్నారు.

నేను వెళ్ళి ఆ రూల్స్ మళ్ళీ చదివాను. ఇంట్లోవాళ్ళ కోసం చేసిన కొనుగోళ్ళు లెక్కలోకి రావు అని స్పష్టంగా ఉంది. మొదటిసారి చదివినప్పుడు దాన్ని రూలుగానే చదివాను. ఈసారి చాలాసేపు దాని మీదే ఉండిపోయాను. ఇంట్లోవాళ్ళకి చేసింది లెక్కలోకి రాదు. పుట్టింట్లో, అత్తింట్లో ఎవరూ ఈ మాట నాతో నోరు తెరిచి అనలేదు. అందరూ అది పాటించారంతే. మొహమాటం లేకుండా రాసి చూపించింది ఒక కంపెనీయే. వాళ్ళ మీద నాకు కోపం రాలేదు.

మా ఆయన ఆ కంపెనీకి సంజాయిషీలు రాసుకుంటున్న రోజుల్లో నేను ఆటో ఎక్కి బ్యాంకుకి వెళ్ళాను. కాలేజీలో స్కాలర్‌షిప్ కోసం తెరిచిన ఖాతా ఒకటి నిద్రపోతూ ఉంది. కౌంటర్లో ఉన్న ఉద్యోగి నా కాగితాలు తిరగేసి, మీ వారిని తీసుకురాలేదా అమ్మా అన్నారు. ఖాతా ఆయనది కాదండీ అన్నాను. పెళ్ళయ్యాక ఇంటిపేరు మార్చుకోలేదేమిటన్నారు. ఆధార్‌లో నా ఇంటిపేరు మారుస్తానని మా ఆయన పెళ్ళైన ఏడాది నుంచీ అంటున్నారు. మార్చి ఉంటే కాలేజీనాటి ఖాతా పేరుతో కలిసేది కాదు. ఆ సూద్దాంలేకి జీవితంలో మొదటిసారి మనసులో దండం పెట్టుకున్నాను. నేనే అప్లై చేసుకున్న పాన్ కార్డు కూడా పుట్టింటి పేరుతోనే వచ్చింది. నా నంబరుకే ఓటీపీ వచ్చింది. వేరే కంపెనీలో, వేరే పేజీ, సున్నా దగ్గర్నుంచి మొదలుపెట్టాను. ఫోను జాడీకి ఆనించి, ఈసారి కెమెరాని నా మొహం దాకా ఎత్తాను. చెమట పట్టి ఉంది. తుడుచుకోలేదు.

ఆదివారం టిఫిన్ అయ్యాక మా ఆయన హాల్లోంచి పిలిచారు. బాగా ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చిన మనిషి గొంతు అది. అత్తయ్య పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు.

“నా పేరు మీద ఇంక ఇవ్వరంట. నీ పేరు మీద తీసెద్దాం. పాన్ అప్లై సేత్తాను. నంబరు మాత్రం నాది ఇద్దాం, ఓటీపీలు అవీ నేను సూసుకుంటాను.”

నేను ఇన్నాళ్ళూ అడిగింది నాకు ఇలా మంజూరైంది, ఆయన పేరు ఎందుకూ పనికిరాకుండా పోయాక.

“తీసేనండి. పోయిన వారమే. వేరే కంపెనీలో” అన్నాను.

మా ఆయన నన్ను, లోపం దొరకని కాగితాన్ని చూసినట్టు చూశారు.

“నాకు సెప్పలేదేటి?”

“మీరు ఉత్తరాలు రాసుకుంటన్నారు కదాని.”

“పేరేటెట్టేవు?”

“కుసుమకుమారి.”

“అంతేనా? కిచెనూ, గిచెనూ ఏటీ లేదా?”

“అంతేనండి.”

“పోన్లేరా,” అన్నారు అత్తయ్య, కాయ ఒలుస్తూనే. “పేరు బాగానే ఉన్నాది. కోడలికి వాల్ల నాన్న ఎట్టిందే కదా.”

ఆయనకి ఇక ఉదారంగా ఉండటమే మేలని తోచినట్టుంది. కుర్చీ నా వైపు జరుపుకుని, ఫోను చేతిలోకి తీసుకుని, వేలు సిద్ధంగా పెట్టుకున్నారు.

“సర్లే, పాస్‌వర్డ్ సెప్పు. అప్పుడప్పుడు నేనూ సూత్తుంటాను.”

ఆయన కళ్ళజోడు, అత్తయ్య బీపీ మాత్రలు, కరెంటు బిల్లు, బండి తాళం, ఎవరేది అడిగినా చేసే పని ఆపకుండా, తల కూడా తిప్పకుండా చెప్పేస్తాను నేను. నా నోటికి అది అలవాటు. ఇప్పుడు కూడా నోరు దానంతటదే తెరుచుకుంది. మూసుకున్నాను. ఈ ఇంట్లో నాకు తెలిసీ, అడిగితే చెప్పనిది ఇదే మొదటిది.