కుళ్లాయమ్మ మింగిన చేదు

నేను కుళ్లాయమ్మ కాలేయాన్ని. కుడి డొక్కలో, పక్కటెముకల చాటున యాభై ఎనిమిదేళ్లుగా తెరిపి లేని చాకిరీ నాది. ప్రేమ పుడితే గుండెకు పేరు, ఆకలేస్తే కడుపుకు పేరు. నా ఊసు మటన్ అంగట్లోనే, అదీ మేకది కొనేటప్పుడే వస్తుంది.

మాది అనంతపురం పక్క పల్లె. మంచి శెనక్కాయలు మండీకి పోతాయి. వానకు తడిసి బూజు పట్టినవి ఇంట్లో మిగులుతాయి. కుళ్లాయమ్మ వాటిని వేయించి, నాలుగేళ్ల మనవరాలు మౌనికను పక్కన కూర్చోబెట్టుకుంటుంది. ప్రతి గింజనూ సగం కొరికి చూస్తుంది. తియ్యగా ఉంటే మిగతా సగం పిల్లకు. చేదుగా ఉంటే మొత్తం తనే మింగుతుంది. గింజను ఉమ్మితే భూమితల్లికి కోపమట! వేయిస్తే బూజు చస్తుంది గానీ, అది కక్కిన విషం చావదని ఆమెకు ఎవరు చెప్పాలి?

ఆ విషం పేగుల నుంచి నెత్తురులో పడి సూటిగా నా దగ్గరికే వస్తుంది. దాన్ని బయటికి పంపాలంటే ముందు నా ఎంజైములు దానికి ఆక్సిజన్ తగిలించాలి. అక్కడే ఉంది నా ప్రాణసంకటం. ఆ క్షణంలో అది ఇంకా రెచ్చిపోయి నా కణాల్లోని జన్యువుల మీద పడబోతుంది. అంతకన్నా ముందే గ్లూటాథయోన్ అనే నా కాపలాదారు దాన్ని ఒడిసి పట్టాలి. అప్పుడే అది పైత్యరసంతోనో మూత్రంతోనో వెళ్లిపోతుంది. పప్పూ గుడ్డూ లేక కుళ్లాయమ్మ ఉత్త గంజితో పూట గడిపిన రోజుల్లో ఆ కాపలా పలచబడుతుంది. తప్పించుకున్న విషం నాలో గాట్లు పెడుతుంది. ఏ గాటు ఎప్పుడు కంతి అవుతుందోనని నాకు భయం.

నిన్న పొద్దున మౌనిక తనే ఒక గింజ కొరికింది. మొహం చిట్లించి, అయినా మింగబోయింది.

"ఉమ్మేయ్ మే! ఉమ్మేయ్!" కుళ్లాయమ్మ పిల్ల నోట్లో వేలు పెట్టింది.

"నువ్వు మింగుతావు గదవ్వా? ఉమ్మితే బూమితల్లికి కోపమొస్తాదంటివే?"

కుళ్లాయమ్మ నోట్లో అప్పటికే ఒక చేదు గింజ నలుగుతోంది. లోపల నేను బిగుసుకుపోయాను.

"తల్లే గదా, ఏమనుకోదులే," అంటూ తుపుక్కున ఉమ్మింది. పిల్లా ఉమ్మింది. కుళ్లాయమ్మ చేటలో నల్లబడ్డ గింజలన్నీ ఏరి, పెరట్లో గుంత తీసి పూడ్చింది.

పాత గాట్లు మానతాయో లేదో నాకు తెలియదు. ఆ పూట మాత్రం నా దగ్గరికి చేదు రాలేదు.