మగ్గం దిగని మనిషి

తమ వీధిలోకే నర్సు వస్తుందంటే నీలావతి సంతోషపడినంతగా ధర్మవరం నేతగాళ్లలో ఇంకెవరూ సంతోషపడి ఉండరు. అంతవరకూ మొగుడు తిరుపాల్‌కు షుగర్ చూపించాలంటే బత్తలపల్లి మీదుగా బస్సులో అనంతపురం పెద్దాసుపత్రికి పోవాల్సిందే. చీటీకి ఒక వరుస, రక్తానికి ఒక వరుస, మందులకు ఇంకో వరుస. ఇల్లు చేరేసరికి పొద్దుగూకేది. ఆ రోజంతా మగ్గం ఉత్తదే. ఇప్పుడా తిప్పలు లేవు. వీధి చివర గదిలో చిన్న క్లినిక్ తెరిచారు. సోమందేపల్లి పిల్ల మంజుల అక్కడ నర్సు. నడవలేనివాళ్లకూ, తీరిక లేనివాళ్లకూ ఇంటికే వచ్చి చూసేది.

తిరుపాల్‌ నడవగలడు, తీరికే లేదు. మంజుల వచ్చేసరికి గుంతమగ్గంలో నడుం దాకా దిగి కూర్చుని ఉండేవాడు. పోగును అటూ ఇటూ నడిపే నాడె పక్కన పెట్టి చెయ్యి చాపితే ఆ పిల్ల మగ్గం పక్కనే కూర్చుని బీపీ చూసేది, వేలు పొడిచి చుక్క రక్తం తీసేది, మాత్రలు నీలావతికిచ్చేది. కాఫీ చల్లారేలోపు అంతా అయిపోయేది. ఆసుపత్రంటే ఇట్లుండాల అని నీలావతి వీధంతా చాటింది. ఎదురింటి బాలమ్మైతే ఆ పిల్లను కోడల్ని చేసుకుంటానంది. ఆమెకు కొడుకులే లేరు, అది వేరే సంగతి.

ఒకరోజు మంజుల కాళ్లు కూడా చూస్తానంది. షుగర్ ముదిరితే పాదాలు మొద్దుబారతాయనీ, దెబ్బ తగిలినా తెలియదనీ చెప్పింది. అప్పుడు మగ్గం మీద పెళ్లిచీర కొంగు నడుస్తోంది. కొంగు మధ్యలో మనిషి దిగితే, మళ్లీ కూర్చున్నాక పోగును బిగించే దెబ్బలో తేడా వచ్చి బట్టలో గీత పడుతుందని నేతగాళ్ల భయం. నీలావతికి ఆ గీత అప్పుడే కళ్లకు కట్టింది.

"రాత్రే నేను కడిగి చూసినా పాపా. కాళ్లు బాగుండాయి. ఇప్పుడు దింపొద్దు," అంది.

కడగలేదు, చూడలేదు. అంత నున్నగా అబద్ధం ఎట్లా వచ్చిందో ఆమెకే తెలియదు. మంజుల కాసేపు తటపటాయించి, మళ్లీ వచ్చినప్పుడు తప్పక చూస్తానని చెప్పి పోయింది. మళ్లీ వచ్చినప్పుడు ఇంకో చీర, ఇంకో సాకు.

గుంతలో కాళ్లతో తొక్కే పలకకు ఒక మేకు పైకి తేలి ఉంది. అది తిరుపాల్‌ అరికాలిని ఎప్పుడు చీరిందో ఏమో. ఆయన కుంటలేదు, నొప్పి అనలేదు. మగ్గం దిగి నేరుగా మంచమెక్కే మనిషి అరికాలు ఎవరు చూస్తారు? వాసన వచ్చినప్పుడు నీలావతి గుంతలో ఎలుక చచ్చిందనుకుంది. సెల్లు లైటు వేసుకుని ఎలుక కోసం వంగి వెతికితే మొగుడి పాదం కనబడింది.

అనంతపురంలో కాలు మోకాలి కింద తీసేశారు. ఇన్నాళ్లూ ఎవరూ కాలు చూడలేదా అని డాక్టరు కసిరితే, ఇంటికొచ్చే నర్సమ్మ చూడలేదని నీలావతి చెప్పింది. ఆ మాట ఆమె కంటే ముందే వీధి చేరింది. పలకరించడానికి వచ్చినవాళ్లంతా మంజులను దుమ్మెత్తిపోశారు. ఇంటికొచ్చే వైద్యం ఇంతే, పెద్దాసుపత్రిలో అయితే మంచం మీద పడుకోబెట్టి నిలువెల్లా చూసేవాళ్లు అన్నారు. నీలావతి తలొంచుకుని వింది. ఒక్క మాట కాదనలేదు.

కట్టు మార్చడానికి వచ్చిన మంజుల లోపలికి రావడానికే జంకింది.

"తప్పు నాదే అక్కా. నువ్వు వద్దన్నా దింపించి చూడాల్సింది," అంది.

అప్పుడైనా నోరు విప్పి ఉండాల్సింది. నీలావతి దూది అందించింది. మంజుల ఓపిగ్గా కట్టు కట్టి, కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది. అంతసేపూ గోడవైపు తిరిగి ఉన్న తిరుపాల్‌ అప్పుడు మాట్లాడాడు.

"నువ్వు అబద్ధం చెప్పింది నేను ఇన్నా. నాకూ దిగబుద్ధి కాలేదు. మనం చేసింది ఆ బిడ్డ నెత్తిన యాల పెడతాండావు?"

నీలావతికి తల కొట్టేసినట్టయింది. పొద్దున్నే క్లినిక్‌కు పోతే మంజుల ఒక్కతే ఖాళీ బెంచీల ముందు కూర్చుని ఉంది. ఇంకో ఊరికి మార్చమని అడిగిందట. వీధి మొగలో బాలమ్మా, ఇంకొందరు ఆడవాళ్లూ చద్దిమూటలతో అనంతపురం పెద్దాసుపత్రికి పోవడానికి బస్సు కోసం నిలబడి ఉన్నారు. నీలావతి పరుగున పోయి వాళ్ల మధ్య నిలబడింది.

"కాళ్లు చూస్తానని ఆ పాప అడిగింది. నేనే అబద్ధం చెప్పి పంపించినా. తప్పు నాది."

బాలమ్మ దగ్గరికొచ్చి ఆమె భుజం నిమిరింది.

"నీ మనసు బంగారం నీలావతీ. మొగుని కాలు పోయినా, ఆ పిల్ల బతుకు చెడగూడదని తప్పు నెత్తినేసుకుంటాండావు."

నీలావతి ఒట్టు పెట్టింది, ఏడ్చింది. ఏడ్చేకొద్దీ వాళ్లకు ఆమె మంచితనం మీద నమ్మకం పెరిగింది. ఇంతలో బస్సొచ్చింది. అందరూ ఎక్కారు. బాలమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి, ఇంటికి పోయి ఆయప్పకు ఇంత గంజి కాచి పొయ్యమని చెప్పింది.