బొటనవ్రేలెడు కొఱత

కార్తికమాసారంభమున పాలుపోసికొన్న వరికంకులు బరువునకు తలలు వాల్చి నిలుచుండగా తూర్పుసముద్రమునుండి వచ్చు చల్లగాలి జీడితోటలమీదుగా ప్రాకి బట్టీలలో వేగు గింజల కమరువాసనను వాడవాడల పంచిపెట్టుచుండగా హేమంతమునకు ముందే వణకనేర్చిన వృద్ధులు అరుగులపై యెండ కాగుచుండగా నీలాటివలస యను గ్రామమున ఆనాటి ప్రాతఃకాలము గాలికంటె వేగముగా నొక వార్తను మోసికొని తిరుగుచుండెను. ఆ వార్తకు జన్మస్థానము పొరుగింటి పారమ్మ. పారమ్మ నోట స్వయముగా విన్నవారు లేరు గాని పారమ్మ చెప్పెనని చెప్పువారు కొల్లలుగా నుండిరి. దేశమంతటను బాస్కెట్‌బాల్ ఆటలో పేరుగాంచిన దమయంతి బడిలోని క్రొత్త మైదానమును తెరచుటకై మధ్యాహ్నమున కారు దిగునట. ఆమె పొడవునకు చాలదని పంచాయతీవారు బడి ద్వారబంధమును పెకలించిరట. ఆమె భుజించు కోడిగ్రుడ్లకై వేఱుగా నొక బండి వెనుక వచ్చుచున్నదట. అన్నిటికంటె వింత యేమనగా చిన్ననాడు ఆమెతో ఏకకంచమున భుజించిన తవిటమ్మ మాత్రము సభకు రానన్నదట. కడుపుమంట కాకున్న మఱేమని పారమ్మ ముక్కుపై వ్రేలిడుకొన్నదట.

ఈ వృత్తాంతమునంతయు రైలుస్టేషనునకు ఎదురేగిన బలరామమూర్తి మాస్టారు కారులో దమయంతి ప్రక్కన కూర్చుండి నవ్వుచు వినిపించుచుండెను. ఆయన యొకప్పుడు ఆ గ్రామపు హైస్కూలున డ్రిల్లు మాస్టారు. ఇప్పుడు పింఛను పుచ్చుకొనుచు పెరటిలోని వంగమొక్కలకు కవాతు నేర్పుచున్నవాడు. వేలకొలది కన్నులు తనపై నిలిచిన క్రీడామందిరములలో విద్యుద్దీపకాంతుల నడుమ ఆకసమునకెగసి బంతిని వలలో జార్చి మరల నేలపై పాదము మోపులోపల జయజయధ్వానములను చెవులనిండ నింపుకొన్న దమయంతి ఈ చిన్న పరిహాసమునకు నవ్వలేకపోయెను. మంట యున్న మాట నిజమే. అది ఎవరి కడుపున నున్నదో ఊరెఱుగదు.

"తవిటమ్మ కుశలమేనా మాస్టారూ?"

"కుశలమే తల్లీ. జీడిపప్పు ఒలుచు పని. నీవు వచ్చుచున్నావని నేనే పోయి చెప్పితిని. వచ్చిన రానిండు, దారికి నేనేమైన ముండ్లకంప వేసితినా అన్నది. దాని నోరు నీ వెఱుగనిది కాదు గదా!"

దమయంతి మొగమును కిటికీవైపు త్రిప్పుకొనెను.

ఆ బడియందలి యిసుకనేలలో నిలువునపాతిన తాటిదూలమునకు కమ్మరి చేసిన యినుపవలయమును దిగగొట్టించి అదియే బుట్టయని చూపి మాస్టారు ఆడుపిల్లలకు ఆ యాట నేర్పిన కాలమున దమయంతిని తారయని పిలిచినవారు లేరు. ఆనాటి తార తవిటమ్మ. ముందు పుట్టిన బిడ్డలు దక్కకపోగా తల్లి ఈమెను పురిటిలోనే చేటెడు తవుటికి పొరుగువారికి అమ్మినట్లు అమ్మి మరల తెచ్చుకొని ఆ పేరు పెట్టినది. తవుటికి అమ్ముడుపోయిన ఆ పిల్ల చేతికి బంతి చిక్కెనేని అది పెంపుడుపిల్లి చందమున ఆమె కాళ్లనే చుట్టుకొని తిరుగును. ఎదిరిపక్షమువారు ఎడమప్రక్కనున్నదని ఎగబడునంతలో ఆమె కుడిప్రక్కగా జారిపోయి వెనుదిరిగియైన చూడక వెనుకనున్న దమయంతి చేతులలో బంతి నుంచును. దమయంతి వేసిన బుట్టలలో నధికభాగము ఆ చేతుల పెట్టుబడియే. ఈ సంగతి మాస్టారెఱుగును. దమయంతియు నెఱుగును. ఎఱుగనిది తవిటమ్మ యొక్కతెయే.

పదవతరగతి చదువునాటి వానకారున దమయంతికి విషజ్వరము సోకి వైద్యుడు సైతము పెదవి విఱువగా తవిటమ్మ కొండమీది నరసింహస్వామివైపు తిరిగి చేతులు జోడించి అది లేచి తిరిగెనేని నా తలనీలములు నీకిచ్చెదనని మ్రొక్కుకొన్నది. దమయంతి లేచి తిరిగినది. ఆ పిమ్మట కొలదికాలమునకే నగరమందలి క్రీడాపాఠశాలవారు బాలికల నెన్నుకొనుటకు వచ్చుచున్నారని కబురందినది. మాస్టారు దమయంతిని బావికడ నిలిపి రహస్యముగా నిట్లనెను.

"వినుము తల్లీ. వారు గోడపై నొక గీత గీసి ఆ గీతకు తల తగులనివారిని బంతి ముట్టకయే వెనుకకు పంపుదురట. మీరిరువురును ఆ గీతకు బొటనవ్రేలెడు కొఱత. నీళ్లబిందె క్రింద పెట్టుకొను చుట్టకుదురు లేదా? గుడ్డతో పలుచగా చుట్టి దానిని నడినెత్తిన నుంచి దానిమీదుగా జుట్టు లాగి కొప్పు ముడువుడు. మోసమే యనుకో. కాని కొలబద్దకు ఆట తెలియదు గదా! నేను పనిమీద పట్నము పోవుచున్నాను. తవిటమ్మకు నీవు చెప్పుము." నాలుగడుగులు వేసి తిరిగి చూచి మఱియొక మాట చేర్చెను. "ఒక బడినుండి ఒక్కతెనే తీసికొందురట. ఎవరిని తీసికొన్నను మన బడి పేరే."

ఆ చివరి మాటను మాస్టారు ఓదార్పుగా ననెను. దమయంతి చెవికి మాత్రమది తీర్పువలె వినబడినది.

సాయంకాలమున తవిటమ్మ తానై వచ్చినది. "ఒలే దమయంతీ! రేపు కొండకు పోవుదము రావే. మ్రొక్కు చెల్లింపక శుభకార్యమునకు బయలుదేఱినచో స్వామి అడ్డుపడునని మా యమ్మ చెవిలో జోరీగవలె పోరుచున్నది. నీ ప్రాణమునకై మ్రొక్కినది గావున నీవును రావలెనట" అని పకపక నవ్వినది. చెప్పవలసిన మాట దమయంతి నాలుకకొనవఱకు వచ్చినది. ఇప్పుడు వద్దు, ఎన్నిక కానిమ్ము, స్వామి ఎచ్చటికి పోవును అనుట కెంతసేపు? ఆ మాట అచ్చటనే కరగిపోయి దానికి మాఱుగా "పోవుదము" అను పలుకు వెడలినది.

కొండపై కేశఖండనశాలలో మంగలి కత్తి నూరుచు తలయెత్తి చూచి "ఏమమ్మా! నిండుగుండా, మూడు కత్తెరలా? ఆడుపిల్లలకు మూడు కత్తెరలైనను స్వామి ఒప్పుకొనును" అన్నాడు. తవిటమ్మ తడిజుట్టును ముందునకు వేసికొని క్షణకాలము తటపటాయించినది. ఎంతయైనను పదునైదేండ్ల పిల్ల. "నీవేమందువే? మ్రొక్కినది నీకొఱకు. నీవు చెప్పినట్లు చేసెదను" అని దమయంతి మొగము చూచినది. కొండ క్రింద జీడితోటలు పచ్చగా మెఱయుచుండెను. ఆ తోటలకావల రైలుపట్టాలు. ఆ పట్టాలకావల నగరము. దమయంతి కన్నులు అటు చూచుచుండగా నోరు ఇట్లన్నది. "గుండని మ్రొక్కి కత్తెరలతో సరిపెట్టినచో స్వామి యూరకుండునా?"

తవిటమ్మ తల వంచినది. కత్తి నడచినది. నల్లని నిగనిగలాడు ఆ కేశపాశము ముక్కలు ముక్కలుగా ఒడిలో పడుచుండగా "చల్లగా నున్నదే, నీవును చేయించుకొనరాదా" అని వేళాకోళమాడినది.

ఎన్నికనాడు బడిగోడపై సున్నపుగీత సిద్ధమైనది. నడినెత్తిన చుట్టకుదురును దాచిన కొప్పుతో దమయంతి గోడ కానుకొని నిలువగా కొలతపలక తలపై నానినది. పరీక్షకుడు చాలునని తలయూచెను. పిదప చందనము పూసిన బోడితలతో తవిటమ్మ నిలిచినది. పలక గీతకు బొటనవ్రేలెడు క్రిందనే యాగినది. "ఈ గుండు మెఱపున గీతయే కానరాకున్నది" అని ఒక పరీక్షకుడు పరిహసించెను. "అయ్యా! ఒక్కమాఱు బంతి యిండు" అని యామె బ్రతిమాలెను. "తరువాతివారు రావలెను" అని యతడు మొగము త్రిప్పుకొనెను. ఆమె నేలనున్న బంతిని తీసికొని దూరమునుండి విసరినది. అది యినుపవలయపు అంచునైన తాకక దాని నడుమగా దిగిపోయినది. అప్పటికి వారందఱును మఱియొక పిల్ల తల కొలుచుచుండిరి.

పట్నమునుండి యప్పుడే వచ్చిన మాస్టారు దమయంతిని ప్రక్కకు పిలిచి "తవిటమ్మకు చెప్పవైతివా?" అని యడిగెను. "చెప్పబోవునప్పటికే గుండు చేయించుకొన్నది" అని యామె నేల చూచుచు నుడివెను. అబద్ధమాడుట కెంత యోచింపవలెనో యని యామె భయపడియుండెను. యోచింపకయే వచ్చినది.

అటుపిమ్మట దమయంతి భాగ్యరేఖ నిట్టనిలువుగా సాగినది. క్రీడాపాఠశాలలో మునుపు చూచియెఱుగని చెక్కనేలపై పరుగెత్తి రాష్ట్రపు జట్టున చేరి రైల్వేవారి కొలువు సంపాదించి దేశపు జట్టునకు నాయకురాలై విదేశపు క్లబ్బులవారు పిలిచి ఆడించుకొనునంతటి ప్రజ్ఞావతియై పత్రికలయందు నిలువెత్తు చిత్రములకెక్కి జనులు చంటిబిడ్డలకు తన పేరు పెట్టుకొనునంతటి కీర్తి గడించినది. విధి పరిహాసమేమనగా చుట్టకుదురుతో దొంగిలించిన ఆ బొటనవ్రేలెడు ఎత్తును మఱుసటి యేటికే ఆమె శరీరము తానై పెరిగి సమకూర్చినది. తవిటమ్మయు నంతే పెరిగినదని యింటికి వచ్చినప్పుడు తల్లి చెప్పగా విని ఆనాడు అన్నము ముందునుండి లేచిపోయినది. ఆటకు ముందు మైకులో తన పేరును వెంటనే తన యెత్తును చదివినప్పుడెల్ల జనులు చప్పట్లు చఱచుచుండగా ఆమెకు మాత్రము నడినెత్తిన నేదియో ఒత్తుచున్నట్లుండును. బుట్ట ముంగిట నిలిచియు తాను వేయక ప్రక్కవారికి బంతి నందించు గుణమును చూచి విమర్శకులు త్యాగశీల యనిరి. ఆ బిరుదు విన్నప్పుడు ఆమెకు సిగ్గుచే చెవులు కాలును. తాను వెనుక విడిచి వచ్చినదానికి ప్రతిదినము కొంచెము కొంచెముగా బంతి నిచ్చుకొనుచున్నానని ఎవరితో చెప్పుకొనగలదు?

సభ ముగిసినది. దండలు పడినవి. సర్పంచి తన యుపన్యాసమున ఆటను వాలీబాల్ అని రెండుమాఱులు పొగడెను. దమయంతి కన్నులు ఆడువారి వరుసలన్నిటిని వెదకినవి. పారమ్మ వార్తలలో ఒకటైనను నిజమైనది. తవిటమ్మ రాలేదు.

ప్రొద్దు వాలకముందే దమయంతి మాస్టారిని తోడు చేసికొని యామె యింటికి నడచినది. వాకిట గోనెపట్టాపై తవిటమ్మ కాళ్లు చాచి కూర్చుండి వేచిన గింజలను చెక్కపేడుతో కొట్టి పప్పు ఒలుచుచుండెను. పెంకులలోని జీడిరసము సోకి సోకి ఆమె వ్రేళ్లకొనలు నల్లబారియుండెను. గుమ్మముకడ పొడగరియగు కూతురు ఝాన్సి నిలిచి కన్నులార్పక చూచుచుండెను.

"రావే. కాళ్లున్నవా అరిగిపోయినవా?" అని తవిటమ్మ పీట త్రోసినది. "మాస్టారూ! మీరును కూర్చుండుడు. ఝాన్సీ! నీళ్లు తే."

దమయంతి పీటపై గాక నేలపై కూర్చుండెను. ఇన్నియేండ్లుగా లోలోపల చెప్పుకొన్న మాటలన్నియు తప్పిపోయి చివరకు మొండిగా నొక్కటియే వచ్చినది. "చుట్టకుదురు సంగతి మాస్టారు నీకును చెప్పమన్నారు తవిటీ. కొండకు పోవుటకు ముందే నా కెఱుక. తెలిసియే నీచేత గుండు చేయించితిని."

మాస్టారి చేతిలోని నీళ్లగ్లాసు నోటికి చేరక మధ్యలో నిలిచిపోయెను.

తవిటమ్మ మఱియొక గింజను కొట్టినది. "ఆనాడే తెలియును. మాస్టారు సాయంకాలము ఓదార్చవచ్చి, చెప్పబోవునప్పటికే గుండు చేయించుకొంటివట, ఏమి చేయుదుమన్నారు. కొండపై నా ప్రక్కన కూర్చున్నది దమయంతి గాక దయ్యమా అని అనుకొంటిని."

"మఱి నన్నేల అడుగవైతివి?"

"అడిగిన, నీవేమందువు?"

దమయంతి కన్నీరు తుడిచికొనెను. తుడిచికొనుటయు తనకొఱకే యని తోచి సిగ్గిలెను. "తిట్టవే. చేతనున్న పేడుతో నాలుగు వేయవే. రాయివలె మాటాడకుము."

"ఏల వేయవలెను? వేసిన నీకు నిదుర పట్టును. నా కేమి?" అని యామె పప్పును పళ్లెములో వేసినది. ఆ గొంతున కోపము లేదు. ఉన్నచో దమయంతి ఆ కోపము కాళ్లు పట్టుకొనియుండెడిది. "సభకు రాకుంటి నని యుడుకుకొంటివేమో. నేడు రోజుకూలి పోవునే, అంతే."

అప్పుడు దమయంతి గుమ్మముకడ నిలిచిన పిల్లను చూచినది. తల్లి భుజములే, తల్లి పొడవే. ఇన్నియేండ్ల అపరాధమునకు ఒక్క దారి తెఱచికొన్నట్లై మాట తొట్రుపడెను. "ఝాన్సిని నాతో పంపుము. నా యింట నుంచుకొందును. నాకు వచ్చినదంతయు నేర్పెదను. దేశపు జట్టులో నిలుపువఱకు విడువను. నాకీ యొక్క మాట దక్కనిమ్ము."

పిల్ల మొగము వికసించినది. తలుపును వదలి ఒక యడుగు ముందునకు వేసినది. మాస్టారు గొంతు సవరించుకొని "బంగారమువంటి మాట. తవిటమ్మా, ఔననుము" అనెను.

తవిటమ్మ కూతురిని పాదములనుండి తలవఱకు చూచినది. పిదప దమయంతిని చూచినది. చేతనున్న గింజను పట్టాపై పెట్టి పేడును దించినది.

"దానికి ఆట రాదు. వచ్చినది నాకు."