నలభై ఒక్క గుడ్లు

నలభై ఒకటో గుడ్డులో కూడా గుండె ఆగిపోయింది. గుడ్లక్క భూతద్దం మీద నుంచి తలెత్తి నడుం పట్టుకుని నిలబడింది. పొద్దున ఎనిమిదింటికి కూర్చున్న మనిషి, మధ్యాహ్నం రెండైనా మంచినీళ్ళు ముట్టలేదు. పొదిగే పెట్టె తలుపు తీసినప్పుడల్లా వెచ్చటి గాలి మొహానికి కొడుతోంది. నిద్ర లేచిన పసిపిల్ల ఒంటి మీద ఉండే వాసన ఆ గాలిలో ఉంటుంది.

ఆమె అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా వినబడదు. ఆ వైద్య పరిశోధనా సంస్థలో పదకొండేళ్ళుగా ఆమె పని గుడ్లు. కోళ్ళఫారం నుంచి వచ్చినవాటిని పెట్టెలో పేర్చాలి. రెండో రోజు పెంకుకు చిన్న కిటికీ కోయాలి. లోపల పచ్చసొన మీద ఆవగింజంత ఎర్రటి చుక్క కొట్టుకుంటూ కనబడుతుంది. అప్పటికి రెక్కలు లేవు, కాళ్ళు లేవు, గుండె మాత్రం తొందరపడి ముందే వచ్చేస్తుంది. దాని మీద చుక్క మందు వేసి, కిటికీకి టేపు అంటించి, మళ్ళీ పెట్టెలో పెట్టాలి. పిండం ఎలా పెరిగిందో, ఎక్కడ వంకర పోయిందో చూసి చదువుకున్నవాళ్ళు వ్యాసాలు రాసుకుంటారు. ఆ వ్యాసాల చివర కరెంటు పరికరాల కంపెనీకి కూడా కృతజ్ఞతలుంటాయి. గుడ్లక్కకు ఉండవు.

ఈసారి మందు, కడుపుతో ఉన్నవాళ్ళకి వాంతులు తగ్గించే కొత్త మాత్రది. పిండానికి హాని లేదని తేలితే బజారులోకి వస్తుంది. అరవై గుడ్లకు మందు, అరవై గుడ్లకు ఉత్త ఉప్పునీళ్ళు. అన్నిటికీ కోసిన చెయ్యి ఒకటే, కత్తెర ఒకటే, పెట్టె ఒకటే. ఉప్పునీళ్ళ గుడ్లలో మూడు పోయాయి. మందు గుడ్లలో నలభై ఒకటి పోయాయి.

"ఎన్నక్కా?" అంటూ పరిశోధక విద్యార్థిని వచ్చింది. ఈ మాత్ర మీదే ఐదేళ్ళుగా డాక్టరేటు చేస్తోంది. "మా తమ్ముడు కాలేజీ అయిపోయి ఉద్యోగంలో కూడా చేరాడు, నేనింకా బడికెళ్తున్నాను" అని తన మీద తనే హాస్యాలాడుకునే పిల్ల. ఇవాళ హాస్యం లేదు.

"నలభై ఒకటమ్మా."

ఆ అమ్మాయి స్టూలు మీద కూలబడింది. "వచ్చే నెలతో నా ఫెలోషిప్పు ఆఖరక్కా. మాత్ర వల్ల హాని లేదని తేలకపోతే సారు ఈ వ్యాసం పంపరు, అది పడకపోతే డిగ్రీ రాదు. ఐదేళ్ళూ ఏం చేశావంటే ఇంట్లో ఏం చెప్పను?"

ఆ ల్యాబులో ఒక ఆచారముంది. మూడో రోజు లోపల పోయినవాటి ఎదురుగా రిజిస్టరులో 'మురిగింది' అని రాస్తారు. అంటే అందులో ప్రాణం ఎప్పుడూ లేదని అర్థం. చాలాసార్లు అది నిజమే, ఫారం గుడ్లలో అలాంటివి వస్తూనే ఉంటాయి. కానీ ఇది మూడో విడత. మొదటి విడతలో ముప్పై ఎనిమిది, రెండో విడతలో నలభై, గుండె కొట్టుకోవడం తన కళ్ళతో చూసినవాటిని తన చేత్తోనే మురిగినవని రాసింది. ల్యాబు నడిపే పెద్దసారు చెప్పారు, ఆమె రాసింది.

అప్పటి నుంచీ అవి ఆమెను వదలడం లేదు. కళ్ళు మూస్తే చాలు, రెప్పల వెనక కొట్టుకుంటున్నాయి. మొన్న బస్సులో పక్కావిడ కణత దగ్గర నరం అదురుతుంటే అటే చూస్తూ, దిగాల్సిన చోటు దాటిపోయింది. భయమేసి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఆమెకు ఇద్దరు పిల్లలు. ఎవరడిగినా ఇద్దరనే చెబుతుంది. వాళ్ళకి ముందు ఒకటి మూడో నెలలో పోయింది. ఒకసారి ఎవరికో ముగ్గురని నోరు జారితే అత్త వంటింట్లోకి పిలిచి మందలించింది. "నిండా మూడు నెలల్లేదు, దాన్ని పిల్లని ఎవరంటారే? ఇంకెప్పుడూ అలా చెప్పకు, ఉన్నవాళ్ళకి మంచిది కాదు." అత్త చెడ్డదేం కాదు. మంచం పట్టి ఆఖరి రోజుల్లో ఉన్నప్పుడు, ఒంటరిగా పడుకున్న ఆవిడే, పసివాళ్ళని జోకొట్టినట్టు పక్కన తడుతూ, "నన్ను కొంచెం అటు జరుపమ్మా, వీళ్ళిద్దరికీ చోటు చాలడం లేదు" అంది. ఎవరిద్దరని కోడలు అడగలేదు. మెల్లగా ఆవిణ్ణి గోడ వైపుకి జరిపింది.

మూడున్నరకు పెద్దసారు వచ్చారు. గొంతు పెంచే మనిషి కాదు, ఊడ్చేవాళ్ళను కూడా మీరు అనే పిలుస్తారు.

"రిజిస్టరు పూర్తయిందా అమ్మా?"

"మందు పేజీ మిగిలింది సార్."

"ఈసారీ ఫారంవాడు మంచి గుడ్లు పంపలేదు. మురిగినవి రాసేయండి. మిగిలిన పంతొమ్మిదీ చక్కగా ఉన్నాయి కదా, మనకి అవి చాలు. అన్నట్టు మీ కాంట్రాక్టు కాగితం నా బల్ల మీదే ఉంది, సాయంత్రం సంతకం పెట్టి పంపిస్తాను."

ఆ సంతకానికి ఆరు నెలల అన్నం. నెలకు పద్నాలుగు వేలు, అందులో ఐదు వేలు ఇంటద్దెకే పోతాయి. గుడ్లక్క పెన్ను తీసుకుంది. తీసుకుని బల్ల మీద పెట్టేసింది.

"మురిగిన గుడ్డులో గుండె ఉండదు సార్."

ఆయన నవ్వారు. "మూడో రోజు లోపు పోయినవి మనం లెక్కలోకి తీసుకోం. మీకు తెలియనిదేముంది. కోసేటప్పుడు చెయ్యి తగిలి కూడా పోతుంటాయి."

"ఉప్పునీళ్ళవి కోసింది కూడా నా చెయ్యే కదా సార్."

పదకొండేళ్ళలో ఆయనకు ఆమె ఇచ్చిన జవాబు 'సరే సార్' ఒక్కటే. ఇప్పుడు తన గొంతు తనకే కొత్తగా వినబడింది.

"మీరు అలిసిపోయారు, ఇంటికి వెళ్ళండి. అమ్మాయి రాస్తుంది. కాగితం సంగతి తర్వాత చూద్దాం." కిందటేడు గాజు సామాను కడిగే అతనితోనూ తర్వాత చూద్దామనే అన్నారు. ఇప్పుడు అతని చోట వేరే అతను కడుగుతున్నాడు.

విద్యార్థిని ఎవరి మొహమూ చూడకుండా రిజిస్టరు ముందుకు లాక్కుంది. పేజీ తెరిచి, పెన్ను మూత తీసింది.

గుడ్లక్క సంచీ తీసుకోలేదు. వెళ్ళి ఆ అమ్మాయి కుర్చీ పక్కన నిలబడింది.

"రెండో నంబరు," అంది. "నిన్న పదింబావుకి కోశాను, అప్పుడు గుండె కొట్టుకుంటోంది."

పెన్ను కాగితం మీద ఆగింది.

"అక్కా, వద్దక్కా," అంది ఆ అమ్మాయి చిన్నగా.

"మూడో నంబరు. పదీ పద్దెనిమిదికి. చాలా తొందరగా కొట్టుకుంటోంది, నువ్వు కూడా చూసి ముద్దుగా ఉందన్నావు."

"అమ్మా, బయటికి వెళ్ళండి," అన్నారు పెద్దసారు. మొదటిసారి ఆయన గొంతు పెరిగింది.

ఆమెకు వినబడింది. అయినా కదల్లేదు. ఆ అమ్మాయి రాయడం లేదు, పెన్ను పైకెత్తడమూ లేదు. మొన ఆనిన చోట సిరా పాకి గుండ్రంగా పెద్దదవుతోంది.

"ఆరో నంబరు," అంది గుడ్లక్క.