కోత పెట్టమన్నాడు

నేను ఒక మౌస్‌ని. నోరు లేదు కాబట్టి ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. అలా ఊరుకునేవాళ్ళ నెత్తినే మనుషులు నింద పెడతారు.

ఎక్కడో పేరు తెలియని ఫ్యాక్టరీలో నాకు రెండు మీటలు, ఒక చక్రం బిగించారు. హనుమకొండలో పెళ్ళిపత్రికలు వేసే దుకాణానికి వచ్చి పడ్డాను. పెళ్ళికొడుకుల పేర్ల పక్కన లేని డిగ్రీలు చేర్చడమే అక్కడ నా పని. ఆ దుకాణం మూతపడ్డాక సారంగపాణి నన్ను తన గేమ్ సెంటర్‌కు తెచ్చుకున్నాడు. అందరూ అతణ్ణి సారంగన్న అంటారు. అబద్ధాల పీడ వదిలిందనుకున్నాను. వదల్లేదు.

అక్కడ అందరూ ఆడేది పాతకాలపు రాజ్యాల ఆట. కోట, పొలాలు, సైన్యం. సైనికులు తింటారు, గుర్రాలు ఇంకా తింటాయి. ఎక్కువమందిని చేర్చుకుంటే గాదె ఖాళీ. తక్కువమందితో సరిపెట్టుకుంటే కోట గల్లంతు. ఆ రెంటి మధ్య నిలబడటమే ఆట. దళం బొమ్మ మీద ఒకసారి నొక్కితే అది ఆజ్ఞకు సిద్ధమవుతుంది. రెండుసార్లు నొక్కితే కవచాలు విప్పేసి ఇంటికి పోతుంది.

ఆ రోజు జంటల పోటీ. గెలిచిన జట్టు హైదరాబాద్‌లో రాష్ట్రపోటీకి వెళుతుంది. ఆ ప్రయాణం కోసం సౌజన్య ఏడాదంతా కాలేజీ నుంచి నేరుగా వచ్చి సాధన చేసింది. ఆమె జతగాడు రణధీర్. యుద్ధం అతనిది, గాదె ఆమెది; సైన్యం మాత్రం ఇద్దరి ఆజ్ఞా వింటుంది. నేను ఆమె చేతి కింద ఉన్నాను.

రణధీర్‌కు గుర్రాల పిచ్చి. చేతికొచ్చిన బంగారమంతా గుర్రాలకే పోశాడు.

"గుర్రాలు ఆపు రా, గాదె అడుగంటుతున్నది," అంది సౌజన్య.

"నువ్వు గింజలు ఏరుకో. రాజ్యం నేను చూసుకుంట."

"సైన్యంలో కోత పెట్టాలె రా. లేకుంటే అందరు ఆకలికి సస్తరు."

అతను ఇంకో గుర్రపుదళం కొన్నాడు. శత్రువు కోటను చుట్టుముట్టాడు. గాదెలో గింజ లేదు. అప్పుడు అరిచాడు రణధీర్: "కోత పెట్టు, జల్ది."

అతను చూస్తున్నది గోడ పక్కన పండిన వరిమడిని. ఆమె మాత్రం ఇంతసేపూ తాను బతిమాలింది ఇప్పటికి చెవికెక్కిందనుకుంది. నన్ను టకటకా రెండేసిసార్లు నొక్కింది. గుర్రపుదళాలు ఒక్కొక్కటే కవచాలు విప్పి, శత్రువు ముందు నుంచే ఇళ్ళకు నడిచిపోయాయి. కోట కూలింది.

"వరి కొయ్యమన్న, మందిని కాదు," అని పళ్ళు కొరికాడు రణధీర్. వెంటనే గొంతు మార్చి సారంగన్న వైపు తిరిగాడు. "అన్నా, ఈ మౌస్ ఖరాబైంది. ఒకసారి ఒత్తితే రెండుసార్లు పడుతున్నది. మళ్ళ ఆడనియ్యాలె."

నాలో తీగ తీగా మండింది. చెప్పినట్టు చేసినందుకు నేను దోషినా?

యంత్రం చెడితే మళ్ళీ ఆడించాలన్నది నియమం. సారంగన్న సౌజన్యను అడిగాడు, "నిజమేనా అమ్మా?"

ఒక్క 'అవును' చాలు, హైదరాబాద్ ఆశ మళ్ళీ చిగురిస్తుంది. ఆమె నా మీద నుంచి చెయ్యి తీసేసింది.

"మౌస్ మంచిగనే ఉందన్నా. నేనే ఒత్తిన."

రణధీర్ నన్ను తీగతో సహా పీకి గోడకేసి కొట్టాడు.

సారంగన్న నా పగిలిన వీపుకు టేపు చుట్టి మళ్ళీ బల్ల మీద పెట్టాడు. మెల్లగా నొక్కితే మునుపటిలాగే పలికేదాన్ని. గట్టిగా గుద్దితే మాత్రం ఒకటి రెండయ్యేది. వాడు ఆడిన అబద్ధాన్ని వాడి చెయ్యే నాలో నిజం చేసిపెట్టింది.

మరుసటి ఏడు ఒంటరి పోటీ. చివరికి మిగిలింది వాళ్ళిద్దరే. చీటీలో నా బల్ల రణధీర్‌కు పడింది.

"మెల్లగ ఒత్తు రా. నువ్వు కొట్టిన దెబ్బకే గుద్దితే తిక్కగ చేస్తున్నది," అన్నాడు సారంగన్న. "వద్దంటే వేరేది ఇస్త."

"మౌస్‌లతోని గెలుస్తరా అన్నా? ఇదే చాలు."

సౌజన్య సగం మందిని పొలాల్లో, సగం మందిని గోడ మీద ఉంచింది. రణధీర్ మళ్ళీ గుర్రాలే కొన్నాడు. గాదె తరుగుతున్నకొద్దీ వాడికి కోపం, నాకు గుద్దులు. ఆఖరి దాడికి తన గుర్రపుదళాలన్నిటి మీదా వరుసగా పిడికిలితో గుద్దినట్టు నొక్కాడు. ఏడాదిగా దాచుకున్న మంట నాది. దళం వెంట దళం గుర్రాలు దిగి, కవచాలు విప్పి, ఇంటిదారి పట్టాయి. సౌజన్య పంపిన చిన్న దళం తీరిగ్గా నడిచొచ్చి వాడి కోటలో జెండా పాతింది.

"అన్నా, ఒకటి ఒత్తితే రెండు పడుతున్నయ్," అన్నాడు రణధీర్.

సెంటరంతా గొల్లున నవ్వింది. "మళ్ళ కోత పెట్టమన్నవా రా?" అన్నారెవరో.

సారంగన్న దగ్గరకు వచ్చి వంగాడు. రణధీర్ నన్నే చూస్తున్నాడు. పాపం, ఈసారి నిజమే చెప్పాడు. సారంగన్న చూపుడువేలు నా మీద మెత్తగా ఆనింది.

ఒక్కసారే పలికాను.