సగంలో ఆపిన వాక్యం

నలభై రోజుల్లో నవల. సోమవారం మధ్యాహ్నం పన్నెండింటికల్లా కాగితాలు ప్రచురణకర్త బల్ల మీద ఉండాలి. ఇప్పటికే రెండు గడువులు మింగేసిన మనిషికి ఇది మూడోది. "ఈసారీ ఇవ్వకపోతే ఇక మా మెట్లెక్కకండమ్మా," అని ప్రచురణకర్త మొహం మీదే చెప్పేసింది.

ఆ మనిషిని ఇంట్లో 'సగం' అంటారు. పేరు పెట్టింది అన్నయ్య. చిన్నప్పుడు కొరికి వదిలేసిన పండు దగ్గర్నుంచి, సగం అల్లి అటకెక్కించిన స్వెట్టర్ దాకా అన్నీ గుర్తుపెట్టుకుని మరీ పెట్టాడు. నలభై ఆరేళ్ళొచ్చినా ఆ పేరు ఆమెను వదల్లేదు. ఇద్దరూ పెళ్ళి మాట తలపెట్టకుండా, ఒకే వాటాలో, ఎదురెదురు గదుల్లో, ఒకరి పొడ ఒకరికి గిట్టకుండా బతుకుతున్నారు. ఆయన ముప్ఫై ఏళ్ళు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్ది రిటైరయ్యాడు. ఉద్యోగం పోయింది గానీ జేబులో ఎర్రపెన్ను పోలేదు. పాలప్యాకెట్ మీద తప్పు కనబడితే అది దిద్దందే పాలు కాచనివ్వడు.

ఈసారి పట్టుదలగానే కూర్చుంది సగం. ఆఫీసుకు సెలవు పెట్టింది. కంప్యూటర్ మీదైతే రాసేదానికంటే చెరిపేదే ఎక్కువని దాన్ని మూసి మంచం కిందికి తోసింది. బాల్‌పెన్ను, గీతల్లేని కాగితాలు, వంటింట్లోంచి తెచ్చుకున్న టైమరు, అంతే సరంజామా. ప్రకరణానికొకటి చొప్పున ఇరవై రెండు అట్టముక్కలు గోడకు అంటించింది. టైమరు అరగంటకు తిప్పి, అది మోగేదాకా తల ఎత్తకుండా రాయడం, రాసిన కాగితాన్ని మళ్ళీ చూడకుండా సూట్‌కేసులో పడేయడం, ఏదైనా తోచకపోతే అక్కడో చుక్క పెట్టి ముందుకు పోవడం. వీటన్నిటినీ మించిన కిటుకు ఇంకొకటుంది. ఏ రోజుకారోజు ఆఖరి వాక్యాన్ని కావాలనే సగంలో ఆపి, ఆ ఒక్క కాగితాన్ని బల్ల మీదే ఉంచేది. మర్నాడు పొద్దున్న బుర్ర ఇంకా నిద్రమత్తులో ఉండగానే చెయ్యి ఆ వాక్యాన్ని అందుకుని పరుగెత్తేది. ఖాళీ కాగితం ముందు గుడ్లప్పగించి కూర్చునే అవస్థ తప్పేది.

తొమ్మిదో రోజు పొద్దున్న వచ్చి చూస్తే, బల్ల మీది వాక్యం పూర్తయి ఉంది. ఎర్ర సిరాలో. చివర ఫుల్‌స్టాప్‌తో సహా.

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. కాగితం పట్టుకుని ఎదురు గదిలోకి దూసుకెళ్ళింది.

"దీన్ని ముట్టుకోమని నీకెవరు చెప్పారు?"

"క్రియ లేకుండా పడుంది. చూస్తూ ఎలా ఊరుకోమంటావు?" పేపరు దించకుండానే అన్నాడు అన్నయ్య.

"నేనే ఆపాను. ఇవాళ్టి కోసం."

"నువ్వు మధ్యలో ఆపనిదేముంది గనక? పుట్టిన దగ్గర్నుంచీ అంతేగా."

ఆ రోజు సాయంత్రం దాకా కలం కదల్లేదు. ముగిసిపోయిన వాక్యాన్ని పట్టుకుని ముందుకెలా పోవాలో చేతికి తెలియలేదు. ఎలాగో అర పేజీ గీకి మళ్ళీ సగంలో ఆపితే, మర్నాడు మళ్ళీ ఎర్ర సిరా. తిట్టింది, బతిమాలింది. మూడు రోజులు అదే తంతు. చివరికి కాగితాలన్నీ సూట్‌కేసులో పెట్టి, తాళం వేసి, తాళంచెవి మెళ్ళో వేసుకుంది. అప్పట్నుంచి అన్నయ్య గుమ్మంలో నిలబడి గోడ మీది అట్టముక్కల్లో వంకలు వెతకడం మొదలెట్టాడు.

"పద్నాలుగో నంబరు రెండుసార్లు వేశావు, పదిహేను లేదు."

"నీ పని నువ్వు చూసుకో."

"నాకు పనే ఉంటే నీ మొహం ఎందుకు చూస్తాను?"

పోయిన రోజుల్ని పూడ్చడానికి రోజుకు ఆరుసార్లు తిప్పే టైమరు పదిసార్లు తిప్పింది. మణికట్టు వాచింది. రాత్రీ పగలూ ఆయన్ని లోలోపల తిట్టుకుంటూనే రాసింది.

నలభయ్యో రోజు, సోమవారం, పదిన్నర. ఆఖరి ప్రకరణంలో ఆఖరి పేజీ. నవలలోనూ ఒక అన్న, ఒక చెల్లెలు. వాళ్ళకు పదకొండేళ్ళుగా మాటల్లేవు. ఇప్పుడు అన్న చెల్లెలి గుమ్మంలో నిలబడి నోరు విప్పాలి. ఏమంటాడు? గోడ మీద ఇరవై రెండో ముక్కలో 'అన్న మాట్లాడతాడు' అని మాత్రమే ఉంది. ఇక్కడ చుక్క పెట్టి దాటేద్దామంటే దాటడానికి ముందింకేమీ లేదు. కాగితం మీద "నిన్ను చూస్తే నాకు" అని మాత్రం పడింది.

అప్పుడో పాడు ఆలోచన వచ్చింది. ఆ మాట తెలిసినవాడు ఈ ఇంట్లోనే ఉన్నాడు. అడిగితే చచ్చినా చెప్పడు. అడగడానికి తనకూ నోరు రాదు. సగం వాక్యం కనబడితే మాత్రం ఆయన చెయ్యి ఊరుకోదు. కాగితం బల్ల మీద వదిలేసి, తలుపు బార్లా తెరిచి, స్నానాలగదిలోకి పోయింది. కుళాయి తిప్పి, బకెట్ నిండి పొర్లుతున్నా కట్టకుండా గోడవైపు చూస్తూ నిలబడింది.

తిరిగి వచ్చేసరికి పదకొండుంపావు. కాగితం మీద ఎర్ర సిరా.

"నిన్ను చూస్తే నాకు కుళ్ళు. నువ్వు సగమైనా మొదలుపెడతావు. నేను ఒక్కటి కూడా మొదలుపెట్టలేదు."

మూడుసార్లు చదివింది. ఎక్కడా వంక దొరకలేదు. జాలేసింది. ఆ జాలి వెంబడే ఒళ్ళు మండింది. చెయ్యి వాచేలా రాసిన పుస్తకంలో అన్నిటికన్నా మంచి మాట ఈ మనిషిదవ్వాలా? నీలం పెన్ను తీసి ఎర్ర అక్షరాల మీద అడ్డంగా గీత కొట్టింది. ఒకటి చాలక మూడు కొట్టింది. టైమరు తిప్పి, సొంత మాట కోసం కూర్చుంది. 'కోపం' అని రాసి కొట్టేసింది. 'ప్రేమ' అని రాసి, సిగ్గేసి అదీ కొట్టేసింది. టైమరు మోగింది. పదకొండూ ముప్పావు. ప్రచురణకర్త ఆఫీసు పది నిమిషాల నడక.

పళ్ళు బిగబట్టి, ఆ కొట్టివేతల కింద, తన చేతిరాతలో, ఆయన మాటల్నే పొల్లుపోకుండా మళ్ళీ రాసింది.

సూట్‌కేసు ఎత్తుకుని బయటికొస్తుంటే అన్నయ్య తన గది తలుపు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఆ వాక్యం..." అని ఆపేశాడు. బుద్ధెరిగాక ఆయన మాట మధ్యలో ఆపడం ఆమె వినలేదు.

"కొట్టేశాను," అంది. అబద్ధం కాదు.

"మంచిపని చేశావు," అని ఆయన తలుపు వేసుకున్నాడు.

మెట్ల దగ్గర ఒక్క క్షణం ఆగింది. వెనక్కి వెళ్ళి నిజం చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. ఆ రెండు నిమిషాలూ ఉన్నాయి కూడా. పుస్తకం అచ్చయ్యాక ఎలాగూ చదువుతాడు, అప్పటిదాకా ఏడవనీ అనుకుని గబగబా మెట్లు దిగింది.